పదకొండో మనిషి

ఖిలా వరంగల్‌ల పొద్దుగాల పదిన్నర.
ఏప్రిల్ ఎండకు నల్లరాళ్లు పెంకలయినయి.
నాలుగు తోరణాల నడుమ, రాలిపడ్డ స్తంభాల పక్కన
మడత కుర్చీ, లాప్‌టాప్,
నెత్తికి పెట్టుకునే అద్దాల పెట్టె ఒకటి.
గొడుగు కింద నేను,
నా చేతుల నలభై రెండు ప్రశ్నల కాయితం.

మేం చేసింది ఇదీ:
పడిపోయిన గుడిని వెలుగుతోటి మళ్ల లేపినం.
ఉన్న రాయి ఉన్నట్టే కనబడుతది,
లేని రాయి దాని మీద వచ్చి కూసుంటది.
రెండింటి అతుకు కనబడకపోతే
మేం గెలిచినట్టు.

పదిమంది అయిపోయిన్రు.
ఇద్దరికి కండ్లు తిరిగినయి.
హన్మకొండ నుంచి వచ్చిన డిగ్రీ పిల్లగాడు
గుడి ముంగట సెల్ఫీ ఎట్ల దిగాల్నని అడిగిండు.
నాలుగు, నాలుగు, ఐదు, నాలుగు.
కాయితం మీద అందరికీ మంచిగనే ఉంది.

పదకొండో మనిషి మామిండ్ల రాజీరు.
ఈ కోటల ఇరవై ఆరేండ్ల సంది గడ్డి కోస్తున్నడు.
రుమాలు విప్పి, నెత్తి తుడుసుకొని,
క్షవరానికి కూసున్నట్టు కండ్లు మూసి
అద్దాలకు ముఖం అప్పజెప్పిండు.
"కండ్లు తెరువు తాతా" అన్న.

రాసుకున్న మాట చదివిన:
"ఇది మీకు పరీక్ష కాదు, మా యంత్రానికి పరీక్ష.
మనసుల ఏమనిపిస్తే అది పైకి చెప్పుకుంట నడువుండ్రి."

ఏమీ చెప్పలే.
ఆయన చూపును నేను తెర మీద చూస్తున్న.
ఎర్రచుక్క కప్పు మీదికి పాకింది, హంసల కాడ ఆగింది,
కిందికి దిగి
గడ్డి మీద శానసేపు నిలబడ్డది.
"మీ గుడిల గీ రాయి లేదు" అన్నడు.
కాలితోటి తట్టి చూపిచ్చిండు,
బొటనవేలు ఎన్నేండ్ల నుంచో ఎరిగిన రాయి.
గర్భగుడి గోడల నుంచి మేక ఒకటి నడిసొచ్చింది.
అప్పుడు నవ్విండు.
మేక మీద మాకు ప్రశ్న లేదు.

లేని ద్వారం కాడ నడుము వంచిండు.
చెప్పులు అంతకు ముందే ఇడిసిండు,
ఎక్కడ ఇడిసిండో రికార్డుల లేదు.
యంత్రం రాసుకున్నది మాత్రం ఇంతే:
తల ఎత్తు తగ్గింది, పదమూడు అంగుళాలు,
పొరపాటు ఒకటి.

"అక్కడ నిజంగ ఉన్నట్టనిపించిందా తాతా?
ఒకటి నుంచి ఐదు లోపల చెప్పు."
"ఉన్నకాన్నే ఉన్న గద బిడ్డా."
"మరి గుడి ఎట్లుంది?"
రుమాలు లేని నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నడు.
"కప్పు మంచిగ కట్టిన్రు.
నీడనే లేదు."

గడి వెతికిన.
బరువు ఉంది, వెలుతురు ఉంది, వాంతి ఉంది, తలనొప్పి ఉంది.
ఆఖరుకు 'ఇతరములు' కింద రాసిన,
'కుర్చీ కావాలె' అన్న మాటకూ
'ఇది ఎంతకు దొరుకుతది' అన్న మాటకూ నడుమ.

అద్దాలు తీసినంక గూడ, పోతపోత,
ఉత్తగాలిల నిలబడ్డ స్తంభాన్ని చుట్టి పోయిండు.
ఏదో యాదికొచ్చినట్టు వెనక్కి తిరిగి
"పాసయిన్ననా?" అని అడిగిండు.
యంత్రానికే పరీక్షని మళ్ల చెప్పబోయి
"అయినవ్" అన్న.

సార్ ఫోన్ల అన్నడు:
ఖాళీ గళ్లుంటే ఆ ఒక్కన్ని లెక్కల నుంచి తీసెయ్యి,
సగటు పాడుగాదు.
ప్రణీత్‌కు చేసిన, నీడ కావాలెనని.
"గీస్త అక్కా, రెండు రోజుల పని."
మరి సల్లదనం?
అటుదిక్కు కీబోర్డు చప్పుడు కాసేపు ఆగింది.

అద్దాల స్పాంజీ మీద తెల్లగ ఉప్పు గీత,
రాజీరు నుదురంత వంకర.
దూదికి స్పిరిటు అద్దిన, ఎంటనే తుడవలే.
పన్నెండో పేరు పిలిచిన్రు:
యెలుగం అనసూర్య, కొత్తవాడ, జంపఖానల నేత.
గేటు కాన్నుంచే
చెయ్యి అడ్డం పెట్టుకొని చూస్తున్నది,
అతుకు ఎక్కడుందోనని.