మంగళవారం క్లాసు

ముందు మంచం పక్కనున్న దీపం తీసేశాను.
తర్వాత గడియారం, నీళ్ల గ్లాసు,
గాజు చట్రంలో నవ్వుతున్న మా అత్తగారిని.
తలగడలు పేర్చి గోడ కట్టాను.
అవతల ఆయన, ఇవతల నేను.
గోడ నలభై నిమిషాలు నిలిచింది.

పగలు ఇసాక్ తలుపు గట్టిగా వేసిన చప్పుడు
నేనెరగను.
ముప్పై ఎనిమిదేళ్లు ఈ ఫియోర్డ్ వెంట పోస్టు వాను నడిపాడు,
కుక్కలు కూడా ఆయన్ని చూసి మొరగడం మానేశాయి.
డెబ్బై దాటాక
నిద్రలో పిడికిళ్లు మొలిచాయి.

కొట్టు కౌంటర్లో పిల్ల
నా కంటి కింద కమిలిన మచ్చ చూసి
చిల్లర లెక్కపెట్టడం ఆపింది.
"నిద్రలో తగిలింది" అన్నాను.
అందరూ అనేది అదే అన్నట్టు తలూపి
సంచిలో ఓ చాక్లెట్ ఊరికే వేసింది.
దారంతా సిగ్గు. ఎవరి తరఫునో తెలీని సిగ్గు.

కిర్కెనెస్ డాక్టరు మాత్ర రాశాడు.
పరుపు నేలమీద వెయ్యమన్నాడు,
కొన్నాళ్లు వేరే గదిలో పడుకోమన్నాడు.
మూడు వారాలు పడుకున్నాను.
గోడలకు చెవులుంటాయంటారే,
ఆ మూడు వారాలూ ఆ గోడను నేనే.
తన్నులకు మాటలు తోడొచ్చాయి.
నాకు తెలిసిన నార్వేజియన్ కాదు,
నాకు తెలిసిన ఏదీ కాదు.

నవంబరు ఆఖర్న సూర్యుడు సెలవు పెట్టాడు.
బట్టలు లోపల ఆరేస్తూ మారెత్‌కి
విన్నది విన్నట్టు అనిచూపించాను:
"ఇన్ మున్, ఇన్ మున్."
చేతిలో క్లిప్పు అలాగే ఉండిపోయింది తనకి.
"నేను కాదు, నేను కాదు, అంటున్నాడు.
సామీలో. చిన్నపిల్లాడి గొంతా?"
అవునన్నాను.
"మా అన్నదీ ఆ హాస్టలు బడే.
ఎవరు మాట్లాడారని వరసలో నిలబెట్టి అడిగేవారట."

నలభై నాలుగేళ్ల కాపురం.
పెళ్లిలో, చావులో, వాను మంచులో బోల్తాపడ్డ రోజున
ఒక్క ముక్క దొర్లలేదు ఆయన నోట.
నేనూ అడగలేదు, దక్షిణాది పిల్లని,
ఈ ఊళ్లో అందరూ మితభాషులే అనుకున్నాను.

లైబ్రరీలో మంగళవారాలు సాయంత్రం క్లాసు.
ఆరుగురం. అందరిలోకీ పెద్దదాన్ని, మొద్దుదాన్ని.
కుట్టుపని క్లాసని ఇంట్లో చెప్పాను.
ఒక్క వాక్యం నేర్చుకోడానికి రెండు వారాలు:
మున్ లెఆన్ దాప్పె.
నేనిక్కడున్నాను.

మళ్లీ ఆయన పక్కకే చేరాను, నేలమీద పరుపు,
రెండు దుప్పట్లు, తలగడలు లేవు.
మూడు గంటలకి మొదలైంది.
లేచిన చెయ్యి నా మొహం మీదికి రాకముందే
నా వాక్యం చెప్పేశాను, యాస ఎంత ఘోరమో!
చెయ్యి గాల్లో ఆగింది.
బడి కిటికీ దగ్గరికెవరో వచ్చినట్టు
తల తిప్పాడు.
ఒక్క మాట అన్నాడు, మెల్లగా, బతిమాలినట్టు.
నిద్రలోకి జారిపోయాడు.
చీకట్లో తడుముకుని
కొట్టు రసీదు వెనకాల రాసుకున్నాను: వుద్య.
మంగళవారం అడగాలి.

పొద్దున, అంటే గడియారం పొద్దు,
రసీదు కాఫీ కప్పు కింద దొరికింది ఆయనకి.
చాలాసేపు చూశాడు. నేను రొట్టె కోస్తూనే ఉన్నాను,
అవసరమైనదానికన్నా ఎక్కువే కోశాను.
"మధ్యలో ఒక 'ఒ' ఉంటుంది" అన్నాడు.
"వువొద్యా."
అని, చెయ్యి చాపాడు.
చేతికి ఏమివ్వాలో తెలీక బల్లంతా చూశాను.
కళ్లతో చూపించాడు.
వెన్న గిన్నె
ఆయన వైపు జరిపాను.