డొల్ల చప్పుడు

ఈ ఆటల
కంటికానిన ప్రతి గుట్టా ఎక్కొచ్చు.
గోదావరిఖని చౌరస్తాల
సెకండ్‌హ్యాండ్ డబ్బా నా చేతుల వెడుతూ
షాపు రాజలింగు మొదలే చెప్పిండు:
"అడ్డు లేదు చెల్లె, తొవ్వ నీ ఇష్టం."

మా క్వార్టర్ కిటికీలకెల్లి కూడ ఒక గుట్ట కనవడుతది.
దేవుడు పెట్టింది కాదు, డంపర్లు పోసింది.
ఓపెన్‌కాస్టు కడుపుల నుంచి తోడిన మట్టి
పదేండ్లల్ల తాడిచెట్లను దాటింది.
దాని కింద ముండ్లతీగ, తీగకు రేకుబోర్డు:
ఇతరులకు ప్రవేశం లేదు.
ఆ ఇతరులల్ల మేమున్నం.
ఆ మట్టి కింద మా అమ్మమ్మోళ్ల ఊరున్నది.

పగటీలి నేను కాంటా మీద కూసుంట.
లారీ వస్తది, బరువు రాస్త. పోతది, బరువు రాస్త.
రాత్రి ఆటల నా మనిషి
ఏడు కత్తులు, రెండు గదలు, తోడేళ్ల తోళ్లు
అన్ని వీపునేసుకొని ఉరుకుతది.
ఒక్క ఇనుప డాలు ఎక్కువైతే చాలు
కాళ్లీడుస్తది.
ఓవర్‌లోడు. నాకు తెల్వదా?
ఏదో ఒకటి పడెయ్ అంటది ఆట.
ఏది పడేయాలెనో చెప్పది.

ఇగ కొట్లాట.
తప్పుకునుడు ఒకటి, దొర్లి పక్కకు వోవుడు.
ఆపుడు ఒకటి, డాలు అడ్డం వెట్టి
దెబ్బను పంటికింద పట్టుడు.
మూడోదే కష్టం:
ఎదుటోని కత్తి నీ మీద వడే రెప్పపాటు ముందు
నీ కత్తితోని దాన్ని పక్కకు కొట్టుడు.
ముందుగాల కొడితే గాలికి తాకుతది,
ఎనుకవడితే నీకు తాకుతది.
మూలకు పచ్చగీత, అది దమ్ము.
అది కరిగినంక ఎంత వీరుడైనా
మంచిర్యాల బస్సు తప్పిపోయినోని లెక్క నిలవడుతడు.

లోయ తలుపుకాడ రాతిరాక్షసుడు.
నలభైమూడుసార్లు సచ్చిన.
లెక్కెందుకంటే, కాంటా అలవాటు.

అప్పుడు లేసిండు నాయిన, మంచినీళ్లకు.
ఓదెలు, టింబర్‌మెన్, ముప్పయ్యొక్కేండ్లు నేలకింద.
గిలాస పట్టుకొని నిలవడి సూసి
"సప్పుడు వెంచు" అన్నడు.
"నువ్వు కండ్లతోని ఆడుతున్నవు.
బాయిల కండ్లకేముంటది, టోపీ దీపమంత.
రాడ్డుతోని కప్పును కొడుతం.
గట్టిదైతే గంట పలికినట్టు పలుకుతది,
డొల్లదైతే కుండ.
కుండ పలికితే ఎనుకకు జరుగాలె.
ఇంకోపాలి కొట్టి సూత్తనంటే
ఇంకోపాలి ఉండది.
పోశాలు ఇంకోపాలి కొట్టిండు."

పోశాలు పేరు ఆయన నోట వినుడు
నాకిది రెండోసారి.

కండ్లు మూసుకున్న.
నిజంగనే ఉన్నది,
బండ లేపేముందు వాని భుజంల కిర్రుమనుడు.
కొట్టిన. సచ్చిన.
మల్ల కిర్రుమన్నది. కొట్టిన. సచ్చిన.
"టీవీ పాతది నాయినా,
బొమ్మ వచ్చినంక వస్తది సప్పుడు."
నాయిన నవ్విండు, నవ్వు దగ్గయింది,
దగ్గులకెల్లి మల్ల నవ్వు బయటికచ్చింది.
"గట్లనా. మాకు బొమ్మే లేకుండె."

"వీన్ని కొట్టకపోతే ఏమైతది?"
"లోయలకు వోలేం. ఆడ ఊరున్నదట."
"ఎవలున్నరు?"
"తెల్వది. ఇంకా సూడలె."

రెండేండ్లు లేని ఎడమచెయ్యి చాపిండు.
బొటనేలితోని పుల్లను నూకుకుంట
రాక్షసునికి వీపు జూపి
నా మనిషిని పక్క గుట్ట మీదికి తోలిండు.
జారిండు. పచ్చగీత నిండేదాక ఆగిండు.
మల్ల ఎక్కిండు.
ఈ ఆట గంత నిమ్మళంగ ఆడినోన్ని నేను సూడలె.

కొసకు వోయినంక
కింద లోయ, లోయల ఏడెనిమిది దీపాలు,
ఒక పొగ.
"అన్నం వండుతున్నరు" అన్నడు నాయిన.

కిటికీ అవతల మా గుట్ట మీద
నైట్‌షిఫ్ట్ డంపరు ఎనుకకు జరుగుతున్నది,
కీక్ కీక్ కీక్.
పచ్చగీత నిండి శానసేపైంది.
"దిగనీకి తొవ్వున్నదా?"
"దుంకితే సస్తం నాయినా."
"అయితే జెర కూసో."

కూసునే బటన్ ఎక్కడున్నదో
నేనింకా ఎతుకుతున్న.