ఆ సందు మూయకు

ఆగు, ఎల్కానా. ఆ మేకు అక్కడ దిగ్గొట్టకు.

కొత్త రంపపుమిల్లు పలకలని నా కొడుకు మురిసిపోతున్నాడు.
ఈ సందు మూసేస్తే పట్నపు ఇల్లులా ఉంటుందట,
చలిగాలి రాదట.
రాదులే.
ఇంకా ఏమేం రావో వాడికి తెలీదు.

నీ కూలి నీకిస్తాను. కాసేపు ఆ బల్లమీద కూర్చో.

మేం టెనెసీ కొండలు దిగి వచ్చినప్పుడు
ఇక్కడ ఇల్లు లేదు, రెల్లు ఉంది.
మొదటి చలికాలమంతా బండి గుడారం కిందే.
ఎడమగది ముందు లేచింది.
పైన్ దుంగలు, మూలల్లో ఒకదాని మెడ ఒకటి పట్టుకుని,
ఒక్క మేకు లేకుండా.
కప్పు చెక్కలు చంద్రుడు తరిగే రోజుల్లోనే చీల్చాలనేవాడు హైరం.
ఒక్క మోపు మాత్రం పున్నమి ముందు చీల్చాడు, తొందరపడి.
అదిగో, చూరు దగ్గర ఆ వరస
మాట వినని పిల్లాడి జుట్టులా ఇప్పటికీ లేచే ఉంటుంది.

చిమ్నీ మాత్రం హైరం కట్టలేదు.
ఏటికవతలి మెక్‌లెండన్ దొరకు రెండు పందులిచ్చి
ఇరవై రోజులకు ఒక మనిషిని తెచ్చుకున్నాం.
పందులు దొరకే. మనిషికేం లేదు.
అతని పేరు ఐసమ్.
రాయిని తట్టి, చెవి పెట్టి వినేవాడు,
ఏది మంటకు ఆగుతుందో, ఏది పగులుతుందో.
పొయ్యి లోపల, ఎడమచేతి వైపు, ఎర్రమట్టిలో
అతని బొటనవేలి ముద్ర ఉంది.
ముప్పై ఎనిమిదేళ్లు బూడిద ఎత్తుతూ రోజూ చూశాను.
మా ఇంటి బైబిలు మొదటి పేజీలో అందరి పేర్లూ ఉన్నాయి,
గుర్రంపిల్లల పుట్టినరోజులతో సహా.
ఆ పేరు లేదు.
నాకు రాయడం రాదు. అదొక సాకు, తెలుసు.
యుద్ధం అయ్యాక ఒకసారి ఈ దారినే నడిచి వెళ్లాడు.
చిమ్నీ వైపు చూశాడు. నా వైపు కాదు.

కుడిగది మూడో ఏట, మరిది కోసం.
పాత దుంగలకు కొత్త దుంగలు అతకవు కదా,
మధ్యన పదడుగులు వదిలి
మీద ఒకే కప్పు వేశారు.
ఎవరూ గీత గీసి అనుకున్నది కాదు.
మిగిలిపోయిన చోటు.
మేమంతా అందులోనే బతికాం.

మజ్జిగ ఇక్కడే చిలికాను. చిక్కుళ్లు దారానికి గుచ్చి ఇక్కడే ఎండేశాను.
గుర్రమెక్కి వచ్చే పాదిరీ, ఒంటినిండా పేలతో,
నువ్వు కూర్చున్న బల్లమీదే పడుకునేవాడు.
కంచరగాడిద కోసం అన్నదమ్ములు పోట్లాడుకుని
రెండేళ్లు మాట్లాడుకోలేదు. ఒకడిది ఆ తలుపు, ఒకడిది ఈ తలుపు.
కానీ నీళ్లబకెట్టు మధ్యలోనే వేలాడేది,
సొరబుర్ర ఒక్కటే.
పలకరించుకోని ఆ రెండు నోళ్లూ
ఒకే అంచును తాకాయి, రోజూ.

ఉప్పు దొరకని యుద్ధకాలంలో పొగగది నేల తవ్వాం.
ఇరవై ఏళ్లుగా మాంసం నుంచి కారిన ఉప్పు ఆ మట్టిలో ఉంది.
మరగబెట్టి, వడకట్టి, ఇక్కడే గోనెమీద ఆరబెట్టాం.
నల్లటి ఉప్పు.
ఎవరి ఉప్పు తిన్నామో
అప్పుడు అడగలేదు, ఆకలి.

జిల్ఫా పోయింది ఆగస్టులో. ఆరేళ్లు.
గదుల్లో ఉంచలేని ఎండ.
ఇక్కడే పడుకోబెట్టాం, బండి పలకలు పెట్టెగా మారేదాకా.
రాత్రంతా గాలి ఈ పక్కనుంచి ఆ పక్కకు పోతూ
దాని నుదుటిమీది వెంట్రుకలు కదిలిస్తూనే ఉంది.
కుక్క లేవలేదు.
నేనూ లేవలేదు.

సరే. నా కొడుకు అడిగితే చెప్పుకోవడానికి
ఉత్తరం వైపు ఒక తడక కట్టు, తీయడానికి వీలుగా.
మిగిలిన పలకలతో కోళ్లగూడు తలుపు చూడు.
మూడేళ్లుగా ఒక్క తోలుముక్క మీద వేలాడుతోంది,
రాత్రుళ్లు నక్క దాన్ని ఎత్తిచూసి పోతోంది.