గోడ పని

మిస్కె లోయలో వానలు వెనకబడ్డ ఏడాది
ఫెర్మీన్ ఈ ఇల్లు కట్టాడు.
మట్టి, గడ్డి, గాడిద పేడ.
తొక్కింది నేను. అప్పుడు ఆరో నెల.

గోడలకు చెవులుంటాయంటారు.
మా గోడకు నోరుండేది,
అంతకుముందు వాళ్లమ్మ గోడకీ ఉండేది.
పగలంతా పగుళ్లలో మూసుకుని
దీపం ఆరాక కప్పుగడ్డిలోంచి
తప్ మని దుప్పటి మీద రాలేది.
వించూకా. గుమ్మడి గింజంత పురుగు.
కుట్టినట్టే తెలియదు.
తాగినంత తాగి, అక్కడే రెట్ట వేసి పోతుంది.
నిద్రలో గోక్కున్న మన గోరే
దానికి తలుపు తీస్తుంది.

తొమ్మిదేళ్లప్పుడు ఒక కన్ను
పీచు పండులా వాచిందట.
వాళ్లమ్మ కోకా ఆకు నమిలి కట్టింది.
తగ్గింది. అందరూ మరిచిపోయారు.
లోపలికి పోయింది మరవలేదు.

ముప్పై నాలుగేళ్లు.
గోధుమ మూటలు మోశాడు,
పెళ్లిళ్లలో చీచా తాగి తెల్లవార్లూ ఆడాడు,
నాతో పోట్లాడి మూడు రాత్రులు
కొండ మీద మేకల దగ్గర పడుకున్నాడు.
గుండె కాదయ్యా నీది, రాయి, అనేదాన్ని.

మొన్న చలికాలం కాళ్లకి చెప్పులు పట్టలేదు.
కొచబాంబా ఆస్పత్రిలో చిన్న డాక్టరమ్మ
కాగితమ్మీద గీతలు చూపించి
"గుండె వాచింది, గోడ పలచబడింది" అంది.
ఆమె స్పానిష్‌ని నేను కెచువాలోకి మారుస్తున్నాను.
గోడ అన్న మాటకి మాత్రం నా అవసరం రాలేదు.
లేచి కూచున్నాడు.
"ఏ పక్కది? వాన కొట్టే పక్కదా?"

ఆమె నవ్వలేదు.
కాసేపాగి, "అడుగున, కొస దగ్గర" అంది.
"ఊఁ" అన్నాడు.
"ఎప్పుడూ అడుగునుంచే పోతుంది."

ఇప్పుడు పొద్దున్నే సున్నం కలుపుతాడు.
మూడు తాపీలు మెత్తడం, ఆగడం.
ఆగినప్పుడల్లా నేను మొక్కజొన్న ఒలవడం ఆపి
చూస్తాను, చూడనట్టు.
కోళ్లని బయటికి మార్చాం. మందు కొట్టేవాళ్లు వచ్చి
తలుపు మీద సుద్దతో ఏదో అంకె వేసి పోయారు.
పగుళ్లన్నీ పూడ్చాడు,
పొయ్యి వెనక ఒక్కటి తప్ప. వంగితే ఆయాసం.
రేపంటాడు.

ఎలోదియా రక్తం తీసుకున్నారు, నాదీ.
నా కడుపులో ఉండి నాతోపాటు
ఆ మట్టి తొక్కిన పిల్ల.
చీటీలు సోమవారం వస్తాయట.

అతను నిద్రపోయాక
పొయ్యి వెనక పగుల్లో వేలు పెట్టి చూశాను.
లోపల వెచ్చగా ఉంది.