పొట్టేలు పేరు

లూయిస్ దీవి చివరి ఊరికి
ఉత్తరాలు తెచ్చేదాన్ని నేను.
ఆ పెట్టెనీ నా ఎర్ర వ్యానులోనే తెచ్చాను.
చేతికందిస్తున్నప్పుడే తెలుసు
ఇక నా సంచి మరింత తేలికవుతుందని.

జనవరి గాలివానకి రాగితీగ తెగింది.
కంపెనీ మనుషులొచ్చి స్తంభాన్ని చూశారు,
సముద్రాన్ని చూశారు,
టీ తాగి వెళ్లారు.
కొత్త కేబుల్ వచ్చే ఏడాదన్నారు.
అది మూడో వచ్చే ఏడాది.

ముర్దో గోరంత సిమ్ముని
తెల్లపెట్టె కడుపులోకి నెట్టాడు.
దీపస్తంభం ఎన్నిసార్లు కన్నుకొట్టిందో లెక్కపెట్టి
నలభై ఏళ్లు పడవ నడిపినవాడు,
ఇప్పుడు రూటర్‌ని లాంతరులా ఎత్తిపట్టి
వైరుని తోకలా ఈడ్చుకుంటూ
సొంత ఇంట్లోనే దారి వెతుక్కుంటున్నాడు.

వంటింట్లో సున్నా.
మెట్ల మీద ఒక గీత.
స్నానాలగదిలో రెండు, తలుపేస్తే ఒకటే.
గొర్రెల పాకలో, మేతతొట్టి పైన
రెండున్నర అంటాడు.
అర గీత ఎక్కడా ఉండదు ముర్దో,
అది నీ ఆశ.

మూడు రోజులు పాకలోనే పెట్టాడు.
నాలుగోరోజు ఒక చూలు గొర్రె
వైరుని తీరిగ్గా నమిలేసింది.

టవరేమో ఉప్పుపాయకి అవతల, కొండ మీద.
ఇంటికీ దానికీ నడుమ
ఓయ్‌రిక్ వేయించిన కొత్త రేకుల కొట్టం.
ఓయ్‌రిక్‌తో అతనికి పదకొండేళ్లుగా మాటల్లేవు.
కారణం ఒక పొట్టేలు.
ముర్దోదే. కంచె దూకింది.
ఆమె మందలో చేయాల్సిందంతా చేసి
వస్తూ వస్తూ క్యాబేజీలు కూడా తినొచ్చింది.
ఆ వసంతంలో పుట్టిన పిల్లలు ఎవరివని
చర్చి పెద్దల దాకా పోయింది తగవు.
పొట్టేలు చచ్చింది.
తగవు బతికే ఉంది, బాగా మేసి.

"ఆమెనడుగు" అన్నాను, కరెంటు బిల్లు చేతిలో పెట్టి.
బిల్లుని రెండువైపులా చదివాడు,
వెనకవైపు ఏమీ లేకపోయినా.
గొర్రెపిల్లల లెక్క ఆన్‌లైన్లోనే పంపాలట,
పదిహేనో తారీఖు లోపల.

పదమూడున, చీకటిపడే వేళ,
నేను ఓయ్‌రిక్ ఇంట్లో టీ తాగుతుండగా వచ్చాడు
కోటులోపల ఏదో దాచుకుని.
తల్లి వదిలేసిన పిల్లనేమో అనుకున్నాం.
రూటర్.

కిటికీ గట్టు మీద, జెరేనియం కుండీ పక్కన పెట్టారు.
నాలుగు గీతలు.
ఇద్దరూ వాటినే చూశారు,
ఒకరినొకరు చూడాల్సిన పని తప్పినందుకు.

"సిమ్ నాది, కరెంటు నీది" అన్నాడు.
"కిటికీ కూడా నాదే" అంది.
పదకొండేళ్ల తర్వాత మొదటి మాట అదీ.

అడుగున అంటించిన పాస్‌వర్డ్ చీమతలంత.
ఇద్దరి కళ్లజోళ్లూ ఓడిపోయాయి.
మార్చేద్దాం, మనం మరిచిపోలేనిదేదైనా, అన్నాడు.
ఓయ్‌రిక్ ఒక్క వేలితో
చాలాసేపు కొట్టింది:
అడ్మిరల్.
ముర్దో గొంతు సవరించుకున్నాడు,
తన పొట్టేలుని ఆమె
పేరుతో పిలవడం అదే మొదటిసారి.
చివర అంకె కావాలంది యంత్రం.
ఆమె అతన్నడగలేదు. పదకొండు వేసింది.

ఇప్పుడు కంచె దాటి అటు ఏదీ పోవడం లేదు,
ఇటువైపే కంటికి కనపడనిదేదో దూకుతోంది
ఒక్క క్యాబేజీ ఆకు కూడా చిరగకుండా.

అలాగని అంతా చల్లబడలేదు.
ఇరవయ్యో తారీఖుకే డేటా అయిపోతుంది.
నీ అల్లికల వీడియోలంటాడు అతను,
నీ పడవల వేలాలంటుంది ఆమె.
ఆదివారం దేవుడి రోజు, ఆపమంటాడు.
ప్లగ్గు నా గోడకుంది, దేవుడితో నేను మాట్లాడుకుంటానంటుంది.

నిన్న పొగమంచు.
నాలుగు గీతలు ఒకటైనట్టున్నాయి,
ఇద్దరూ బయటికొచ్చి కంచెకి చెరోవైపు నిలబడి
టవరు ఇంకా ఉందా అని
తెల్లటి శూన్యంలోకి చూస్తున్నారు.
నా సంచిలో వాళ్లకేమీ లేదు.
అయినా వ్యాను ఆపాను.
"ఏమైనా వచ్చిందా?" అంది ఓయ్‌రిక్.
లేదన్నాను.
కాసేపు నేనూ అటే చూశాను.