ఎడమ భుజానికి నాలుగు వేళ్ల కింద

జహంగీర్ మాస్టర్ షట్టర్ సగం దించే యాళ్లకు
నేను సంచి పట్టుకోని పోత.
నేల మీద రోజంతా రాలిన పీలికలు:
ఎవరి జాకెట్టు చంకలోనో మిగిలిన సాటిన్,
ఎవరి లంగా అంచునో తెగిన ఆర్గంజా,
పొడుగైందని కోసేసిన పెండ్లిగౌను పట్టీ.
"ఊడ్చిపెట్టి తీస్కపో బేటీ" అంటడు.
ఊడుస్త. నింపుకుంట.
వారాసిగూడ ఎక్కుడు మీద ఆ సంచి
ఒకరోజు దూదంత తేలిక,
ఒకరోజు రేపటి కూరగాయలంత బరువు.

నా కొలతలు బడిల నేర్పినయి కావు.
పెద్ద రేకకు స్టీలు గ్లాసు మూతి,
దాని లోపలిదానికి అమ్మ పాత గాజు,
ఆ తర్వాత దగ్గుమందు సీసా మూత,
నడిమిట్లకు రూపాయి బిళ్ళ.
గుండ్రాలు గీసి, కత్తిరించి,
కొవ్వొత్తి ముంగట కూసుంట.

సాటిన్‌కు మంటంటే సిగ్గు.
దగ్గరికి పోంగనే అంచు ముడుసుకుంటది,
ఆ ముడుసుకునుడే రేక.
ఇంకింత జరిగితే నల్లబడ్తది,
జరగకపోతే గుడ్డముక్క గుడ్డముక్కనే.
నూలుబట్ట మొండిది. వంగదు, కాలిపోతది.
దానికి మంట కాదు, దారం చూపాలె.
అంచు పొంటి టాకాలేసి గుంజితే
అలిగి, కుచ్చై, కూసుంటది.

చూపుడువేలి మీద బొబ్బలు లేసి, ఆరి,
గీతలన్నీ సాపైనయి.
రేషన్ దుకాణంల మిషన్ మీద పెడితే
నేను నేను కాదంటది.
మూడుసార్లు తుడిచి, బొటనవేలు పెట్టాలె.

మోండా మార్కెట్ సేటు డజనుకు అరవై ఇస్తడు.
ఒక్కోటి ఇరవైకి అమ్ముకుంటడు.
అద్దాల పెట్టెల లైటు కింద
నా పువ్వే నాకు చుట్టంలెక్క కనపడ్తది,
పలకరించాల్నా వద్దా అన్నట్టు.

ఆ రాత్రి తొమ్మిది దాటినంక
పక్క గల్లీ ఎస్తేరు వచ్చింది.
చేతిల కవరు, కవర్ల బిడ్డ గౌను,
నిమ్మపండు రంగు గౌను మీద
ఇస్త్రీపెట్టె ముక్కు అచ్చు,
టీ మరక రంగుల, చిన్న పడవ లెక్క.
తెల్లారితే స్కూల్ల గ్రేసీ డాన్సు.
ఎస్తేరు ఏడ్వలే.
"ఫోన్ మోగింది" అన్నది, అంతే.
ఎవరి ఫోనని నేనడగలే.

ఎడమ భుజానికి నాలుగు వేళ్ల కింద.
అక్కడ పువ్వు పెట్టంగ నేనెన్నడు చూడలే.
జడల పెడ్తరు, నడుము కాడ పెడ్తరు.
సంచి బోర్లిస్తే పసుపు పీలిక ఒక్కటి లేదు.
అస్తరు గుడ్డ దొరికింది, బూడిద నీలం.
తొమ్మిది వరుసలు పేర్చిన.
అయినా పడవ కొస బయటికే ఉంది.
విరిగిన గొడుగు గుడ్డతోని రెండు ఆకులు కోసి
ఆ కొస మీదికి వాల్చిన.
ఇరవై అన్న.
పద్దెనిమిదున్నయి, ఇచ్చింది.

వారం తిరగకముందే ముగ్గురు తల్లులు వచ్చిన్రు.
"గ్రేసీ గౌనుకున్నట్టే, ఎడమదిక్కు."
వాళ్ల గౌన్లు మడత మీద కొత్తయి.
నేను అలవాటుగ మచ్చ కోసం వెతికిన,
లేకపోయేసరికి చెయ్యి ఆగింది.
సూది ఎక్కడ దించాల్నో తెల్వలే.
నాలుగు వేళ్లు పెట్టి కొలుసుకున్న.

పదిహేను రోజులకు సేటు ఆరు డజన్లు అడిగిండు.
"ఈ డిజైన్ పేరేంది?"
నోటికొచ్చింది చెప్పిన: "ఇస్త్రీ."
బుక్కుల రాసుకున్నడు, అక్షరం తప్పకుంట.
"ముంబై మాలా?" అన్నడు.
నవ్వాపుకున్న.

వానలు పడ్డంక ఎస్తేరు మళ్ల వచ్చింది.
పువ్వుకేం కాలే.
ఏడు ఉతుకులకు మచ్చ ఉన్నకాడ
గౌను చినిగి బొక్కైంది.
బొక్క చుట్టూ నా టాకాలు
పండ్లు బిగవట్టినట్టు పట్టుకున్నయి.
గౌను మీద పువ్వు లేదిప్పుడు,
పువ్వుకే గౌను వేలాడుతున్నది.

వెనక అస్తరు ముక్క పెట్టి కుట్టిన.
ఐదు రూపాయలన్న. బేరం చెయ్యలే.
దారం కొరుకుతుంటే
ఆమె చేతిల ఫోను మోగింది.
చూసి,
గడప మీద బోర్లా పెట్టింది.