వాలుగ లెక్క

ఆరుద్ర పోయింది.
బ్యారేజీ కింద నీళ్ళింకా పచ్చగానే ఉన్నాయి.
సీతానగరం గట్టుమీద నాంచారయ్య
గాలం విప్పలేదు, మూడో బీడీ ముట్టించాడు.

"నిరుడు పునర్వసు మూడోనాడు" అంటాడు
కరెంటు బిల్లు వెనక రాసుకున్నది చూడకుండానే.
అంతకు ముందేడు వానే లేదు; ఆ గీత ఖాళీ.

ఫోనులో మున్నేరు వరద చూపిస్తే
నవ్వి, నీళ్ళలో మడమ ముంచాడు:
"ఇంకా చల్లబడలేదు."

రాత్రి రెండింటికి సైరన్.
గేట్లు అడుగు లేచాయి.
ఇటుకరంగు నీళ్ళు, తడిమట్టి వాసన,
ఎదురీదే మీసాలు కాంక్రీటుకు తగిలి వెనక్కి పడుతుంటే
గట్టంతా గాలాలు విసిరింది.

నాంచారయ్య టార్చి నోట కరుచుకుని
బిల్లు వెనక తారీఖు రాసుకున్నాడు.
"గుడ్లమీదున్నాయిరా, రెండ్రోజులాగు."

నా దారం అప్పటికే బిగిసింది.